మూత తీసి చూసేవాళ్ళేరీ?

మా రోజుల్లో ఆదోని జిన్నింగ్ మిల్లులో గేరు పన్ను విరిగిందంటే ఫిట్టరుకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూసే ఓపిక కూడా లేదు. "ఇనుము నాసిరకం, కొత్తది తెప్పించండి" అనేసి పోతారు. ఆ విరిగిన చోట చూస్తే సంగతంతా తెలుస్తుంది కదప్పా! సగం నున్నగా మాసిపోయి, అలలు అలలుగా గీతలుంటే పగులు పన్ను మొదట్లో ఎప్పుడో పుట్టి, తిరిగిన కొద్దీ పాకుతూ వచ్చిందని అర్థం. మెరుస్తూ గరుకుగా ఉన్న మిగతా కొంచెమే నిన్న తెగింది. అంతా గరుకుగా ఉంటే, పత్తిలో వచ్చిన ఏ ఇనుపముక్కో రోలర్లలో ఇరుక్కుని ఒక్క దెబ్బకు విరిచింది. రెండింటికీ ఒకటే మందా?

అయినా విరిగేవాటికన్నా అరిగేవే ఎక్కువ. జిన్నింగ్ మిల్లులో గాలి నిండా దూది నుసి, నల్లరేగడి దుమ్ము. గేర్‌బాక్సు సీలు చినిగితే అదంతా ఆయిల్లో చేరి, పళ్ళను సానరాయిలా అరగదీస్తుంది. మా పెద్దమేస్త్రి ఆయిల్‌ను రెండు వేళ్ళ నడుమ రుద్ది చూసేవాడు. గరగరమంటే ఆ పూటే మార్పించేవాడు. ఇప్పుడు తగ్గితే పైన పోస్తారంతే, అదీ చేతికి దొరికిన డబ్బాలోది. పలచని ఆయిల్ పోస్తే పళ్ళ మధ్య పొర నిలవదు. ఇనుము ఇనుమును గీరుతుంది. పడిన చోటే ఒత్తిడి పడి పన్ను నడుము కింద సన్నని గుంటలు పడతాయి. చప్పుడు పెరిగేదాకా వాటిని చూసే దిక్కుండదు.

పినియన్ అనే చిన్న చక్రానికి 20 పళ్ళు, పెద్ద చక్రానికి 80 ఉంటే, పెద్దది ఒక చుట్టు తిరిగేలోపు చిన్నది నాలుగు తిరగాలి. ముందు అరిగేది అదే. దాన్నొక్కదాన్నే మార్చి, అరిగిన చక్రంతో జత కలుపుతున్నారు. ఆకారం చెడిన పళ్ళ మీద కొత్త పళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తాయి? 80కి బదులు 81 పెట్టించేవాళ్ళు తెలిసినవాళ్ళు. అవే రెండు పళ్ళు మాటిమాటికీ తగలవు, అరుగుదల అన్నిటికీ పంచుకుపోతుంది. బేరింగు లూజై షాఫ్ట్ వాలిందా, భారమంతా పన్ను ఒక చివరే మోస్తుంది. మేం పళ్ళకు నీలిరంగు పూసి తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో చూసుకునేవాళ్ళం.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో మగ్గం మీద కూడా పళ్ళచక్రముంది. దాని పన్ను అరిగి బట్ట కాస్త వదులైతే నేతగాడి చేతికి వెంటనే తెలిసిపోతుంది. మోటారు మీద నడిచే మిల్లుకు ఆ చెయ్యి లేదు, కాబట్టి కన్నైనా పెట్టాలి.

అరుగుదల మిల్లులకే కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాములో 19వ గేటు చైను తెగి, గేటే కొట్టుకుపోయింది. మన తుంగభద్ర దిగువ కాలువకు నీళ్ళొచ్చేది ఆ డ్యాము నుంచే. డ్యాము గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు వంటి అనుభవజ్ఞులు ప్రవాహంలోనే అడ్డుపలకలు (స్టాప్‌లాగ్‌లు) దించి నీళ్ళు నిలబెట్టారు. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి. కానీ అరుగుదలను ముందే పట్టుకుంటే ఆ యుద్ధమే ఉండదు.

మిల్లు పిల్లలూ, కొత్త పత్తి మార్కెట్‌కు రాకముందే గేర్‌బాక్సుల మూతలు తీయండి. ఆయిల్ దించి, అడుగున ఇనుప రజను ఉందేమో చూడండి. ఉంటే ఆ గేరుతో సీజన్ మొదలుపెట్టొద్దు.