చదరపు అడుగు లెక్కన రాజరికం

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానంలో రాజరికం ముగిసిందని చరిత్ర గ్రంథాలు చెబుతున్నప్పటికీ, హైటెక్ సిటీ నుంచి రాయదుర్గం, గచ్చిబౌలి మీదుగా కోకాపేట దాకా దారి పొడవునా నిలిచిన హోర్డింగులను చదివినవారికి అది కేవలం చిరునామా మార్చుకున్నదని, ఇప్పుడు నలభై అంతస్తుల ఎత్తున క్లబ్ హౌసుతో, ఈతకొలనుతో సహా అమ్మకానికి ఉన్నదని తెలుస్తుంది. రాయల్, ప్యాలెస్, ఎంపైర్ వంటి మాటలు పేరులో లేని గేటెడ్ కమ్యూనిటీని చూస్తే, పాపం, బిల్డరుకు నిఘంటువు దొరకలేదేమో అనిపిస్తుంది.

సైనిక, విద్యా విశిష్టతలకు తప్ప ప్రభుత్వం ఎవరికీ బిరుదులు ఇవ్వరాదని రాజ్యాంగం 18వ అధికరణం నిర్దేశించగా, మాజీ సంస్థానాధీశుల గుర్తింపును, వారికి కేంద్రం ఏటా చెల్లించే సొమ్మును, అంటే రాజభరణాలను, 1971లో 26వ సవరణ రద్దు చేసింది. ప్రభుత్వానికి నిషిద్ధమైన ఈ బిరుదుల వ్యాపారాన్ని స్థిరాస్తి సంస్థలు నిరాటంకంగా చేపట్టాయి. తేడా స్వల్పం: ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఏటా లక్షల రూపాయల భరణం ప్రభుత్వమే ఇచ్చేది, నేటి ప్రభువు తన రాజరికానికి తానే ఇరవై ఏళ్లపాటు నెలనెలా బ్యాంకుకు భరణం కట్టుకుంటాడు.

ఇంతకూ హోర్డింగులు అమ్మే ఆ వైభవం ఎవరిదన్నది కూడా విచారించదగినదే. 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనికుడిగా ముఖచిత్రం వేసిన ఆ నిజామే, జేకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకుని, పాత టోపీతో, చవక సిగరెట్లతో కింగ్ కోఠిలో కాలం గడిపిన పొదుపరిగా ప్రసిద్ధుడు. బ్రోచరు చేతికిస్తే మెయింటెనెన్సు చార్జీ చూసి మొదటి పేజీలోనే మూసివేసి ఉండేవాడు. ప్రకటనలకు సరిగ్గా సరిపోయే మహానుభావుడు, పాయిగా అనే కులీన కుటుంబానికి చెందిన వికారుల్ ఉమ్రా: ఫలక్‌నుమా ప్యాలెస్‌ను కట్టి, ఆ ఖర్చుతో అప్పులపాలై, చివరకు దానిని ఆరవ నిజాంకు అప్పగించాడు. గృహరుణగ్రహీతల కులదేవతగా ఆయన విగ్రహాన్ని ప్రతి లాబీలోనూ ప్రతిష్ఠించకపోవడం కృతఘ్నత.

ఈ కొత్త సౌధాలు లేచిన నేల మాత్రం ఏదీ మరచిపోలేదు. రెవెన్యూ దస్తావేజుల్లో రాయదుర్గం నేటికీ పాయిగా, పన్మక్తా, నవ్‌ఖల్సా అన్న భాగాలుగానే ఉన్నది; పాయిగా అంటే సేనల పోషణకై నిజాం కులీనులకు ఇచ్చిన భూమి, పన్మక్తా అంటే నిర్ణీత కప్పం మీద అనుభవించే భూమి, ఖల్సా అంటే శిస్తు నేరుగా ఖజానాకు చేరే భూమి. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యేదాకా ఇటువంటి నేలల మీద దున్నినవారికి దక్కినది శిస్తు, వెట్టి. వెట్టి అంటే కూలి లేని నిర్బంధ చాకిరి. దొరల కోటలాంటి ఇళ్లను, అంటే గడీలను, ఎదిరించి 1946లో తెలంగాణ రైతులు ఆయుధం పట్టారు. అలాంటి రైతుల మనవళ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లై, అదే గడీకి అడ్వాన్సు కట్టడానికి వరుసలో నిలబడటాన్ని ప్రగతి అనే అంటున్నారు. 2023లో కోకాపేట వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటిన తరువాత అది ప్రగతి కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

కొన్నవారికి దక్కే రాజ్యం మరీ కల్పితమేమీ కాదు. పనిమనిషికి, డెలివరీ కుర్రవాడికి వేరే లిఫ్టు ఉంటుంది, వచ్చిపోయే ప్రతివారికీ గేటు దగ్గర తనిఖీ ఉంటుంది, అద్దెకున్నవారికి సంఘం ఎన్నికల్లో సాధారణంగా ఓటు ఉండదు. దర్బారు మర్యాదలన్నీ చెక్కుచెదరకుండా అమలవుతాయి. ప్రభువు వారు మాత్రం, అమెరికా క్లయింటు నుంచి పిలుపు వచ్చినప్పుడల్లా, అర్ధరాత్రి అయినా అదనపు కూలి అడగకుండా లాప్‌టాప్ ముందు హాజరు వేసుకుంటారు.