ఓట్ల డబ్బా స్వీయచరిత్ర

ఉక్కురేకును వంచి, నాలుగు మూలల నతికి, పైమూతలో మడిచిన కాగితము దూరునంత సన్నని చీలిక పెట్టి, స్వతంత్ర భారతదేశమున జరుగబోవు ప్రథమ సార్వత్రిక ఎన్నికలకై నన్ను సిద్ధపరచిరి. సర్కారు కాగితములలో బ్యాలెట్ పెట్టెను. పానగల్లు జనుల నోట ఓట్ల డబ్బాను. ఒకానొకప్పుడు కందూరు చోడులకు రాజధానియై, నేడు నల్గొండ పట్టణము నంటుకొని యున్న యీ యూరిలో, ఉదయసముద్రము చెరువునకు దాపున నొక బడిగదిలో నన్ను దించినపుడు నేనొంటరిని గాను. నావంటివి మరికొన్ని నా యిరుప్రక్కల బారులు తీరి యుండెను. అభ్యర్థి కొక పెట్టె చొప్పున నుంచుట ఆనాటి పద్ధతి. అక్షరజ్ఞానము లేని వారే యధిక సంఖ్యాకులగు దేశమున ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివారికిని ఓటు నిచ్చుటకు సాహసించిన పెద్దలు, చదువుతో పనిలేని యుపాయమును గూడ నాలోచించి, మాపై గుర్తుల నంటించిరి. ఓటరు తెర వెనుకకు వచ్చి, ఏ గీతయు గీయక, తన చేతి కాగితమును తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో వేసి పోవుటయే.

ఒక ముసలమ్మ తెర దగ్గర నిలిచి, "అయ్యా, ఈ కాయితం దేంట్ల వెయ్యాలె?" అని యడిగెను. "నేను చెప్పొద్దమ్మా, నీ మనసుకు వచ్చిన దాంట్ల వెయ్యి" అని అధికారి తల త్రిప్పుకొనెను. ఆమె లోనికి వచ్చి, మమ్ముల నన్నిటిని చేతితో తడిమి చూచి, జోడెద్దుల గుర్తుగల పెట్టెకు భక్తితో దండము పెట్టి, కాగితమును మాత్రము వేరొక పెట్టెలో వేసి వెళ్లిపోయెను. రహస్యమైన ఓటనగా నేమో నాకు తెలిసిన దప్పుడే. ఆ పద్ధతిలో నొక లోపమును లేకపోలేదు: కాగితమును పెట్టెలో వేయక కొంగున దాచి బయటికి కొనిపోయి యమ్ముకొనుటకు వీలుండెను. ఉన్న పేర్లలో నొకదానిపై ముద్ర వేసి అందరును ఒకే పెట్టెలో వేయు విధానము తరువాత వచ్చుటకు ఇదియు నొక కారణము.

నల్గొండ లోక్‌సభ స్థానము ఆనాడు ద్విసభ్య నియోజకవర్గము. ఒకటి సామాన్యస్థానము, రెండవది షెడ్యూల్డు కులములది. ఓటరునకు రెండు ఓట్లు. రెంటిని ఒక్కరికే యిచ్చుటకు వీలులేదు. కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధపోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినను హైదరాబాదు రాష్ట్రమున కమ్యూనిస్టు పార్టీపై నిషేధము తొలగనందున, వారు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంటు పేర నిలిచి యిక్కడి రెండు స్థానములను గెలిచిరి. వారిలో రావి నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు పడెను. ప్రధానమంత్రి నెహ్రూకు వచ్చినవి 2,33,571. ఈ సంగతిని మా జిల్లావారు నేటికిని మీసము దువ్వి చెప్పుకొందురు, చెప్పుకొనదగినదే. మనిషికి రెండేసి ఓట్లుండుటచే అంత సంఖ్య వచ్చినదని చప్పరించువారికి, నెహ్రూ నిలిచిన స్థానమును ద్విసభ్య నియోజకవర్గమే యని గుర్తుచేసిన చాలును.

ఈ జంటస్థానముల న్యాయమెట్టిదో 1957లో పార్వతీపురమున బయటపడెను. అచటి రెండవ స్థానము షెడ్యూల్డు తెగలది. అత్యధికముగా ఓట్లు వచ్చిన యిద్దరును గిరిజనులే యగుటచే, ఒకరికి ప్రత్యేకస్థానమును, రెండవవారైన దిప్పల సూరిదొరకు సామాన్యస్థానమును దక్కెను. అనంతరకాలమున రాష్ట్రపతి యైన వి.వి. గిరిగారు ఓడిపోయిరి. ఆయన న్యాయస్థానముల కెక్కగా, 1959లో సుప్రీంకోర్టు సూరిదొర యెన్నికనే నిలబెట్టెను. నా మట్టుకు నాకు ఆ తీర్పు ధర్మబద్ధముగనే తోచినది: గిరిజనునకు ప్రత్యేకించిన స్థానము కనీసపు హామీయే గాని, ఇంతకు మించి రాకూడదని గీచిన గీత గాదు. 1961లో ద్విసభ్య నియోజకవర్గములనే రద్దు చేసిరి. నాటినుండి స్థానమున కొక్కరు, ఓటరునకు నొక్క ఓటు.

ఒక్క ఓటు చాలనపు డేమి చేయవచ్చునో మా జిల్లావారు 1996లో చూపిరి. ఫ్లోరైడు నీళ్లు త్రాగి పసిపిల్లల కాళ్లు వంకరలు పోవుచుండగా, కృష్ణాజలములను శ్రీశైలము ఎడమగట్టు కాలువ ద్వారా తెమ్మని యెంత మొరపెట్టినను వినువారు లేక, దుశర్ల సత్యనారాయణగారి జలసాధన సమితి పిలుపున వందలకొలది జనులు ఓటుతో గాక నామినేషనుతోనే నిరసన తెలిపిరి. అభ్యర్థులు 480 మంది! ఇన్ని పేర్లును గుర్తులును ఒక్క కాగితమున పట్టక బ్యాలెట్టును పుస్తకముగా ముద్రింపవలసి వచ్చెను. దానిని మడిచి నా చీలికలో దూర్చుట యెట్లో ముద్రించిన వారికే తెలియవలెను. బొమ్మగాని ధర్మభిక్షంగారు గెలిచిరి. పోలైన చెల్లు ఓట్లలో ఆరవవంతు రాని 477 మంది డిపాజిట్లు పోగొట్టుకొనిరి. సర్కారు దాని కిచ్చిన జవాబేమన, ఆ యేడే లోక్‌సభ డిపాజిట్టును 500 నుండి 10,000 రూపాయలకు పెంచి, గుర్తింపుపొందిన పార్టీ లేని అభ్యర్థి పదిమంది ప్రతిపాదకులను తేవలెనని శాసించుట. గోడు చెప్పుకొన వచ్చినవానికి వాకిలి రుసుము పెంచినట్లయినది. రుసుము 25,000 అయిన పిమ్మట, 2019లో నిజామాబాదున పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిలిచి, దానికిని వెరవబోమని నిరూపించిరి.

నాకు విచారము కలిగించునది డిపాజిట్టు గాదు. ఆ సమితివారి కోరిక ఒక్కటే. పడిన ఓట్లు మాత్రము వందల పేర్లమీద చెదరి, లెక్కలో దేనికిని కొరగాక పోయెను. మా యూరి ఛాయా సోమేశ్వరాలయమున స్తంభములు పెక్కున్నను లింగముపై బడు నీడ యొక్కటే. అందరికంటె ఒక్క ఓటు మిన్నగా వచ్చినవాడే నెగ్గు మన పద్ధతియు నట్టిదే. పార్టీల ఓట్ల శాతమును బట్టి స్థానములను పంచు జాబితా పద్ధతిలో నైనచో ఆ ఓట్లన్నియు సమితి పేర నొక్కచోట కూడియుండును. ప్రాధాన్యపు ఓట్ల పద్ధతిలో నైనచో ఒకరి తరువాత నొకరికి బదిలీ యగును.

ఈ రెండవదానిని 2021లో నల్గొండ గిడ్డంగులలో చెవులార వింటిని. వరంగల్-ఖమ్మం-నల్గొండ శాసనమండలి పట్టభద్రుల స్థానమునకు 71 మంది నిలిచిరి. నావంటి చిన్న డబ్బాలు చాలక జంబో పెట్టెలు తెచ్చిరి. చెల్లిన ఓట్లలో సగమునకు మించి యెవరికిని రాకపోవుటచే, అడుగుననున్న వారి నొక్కొక్కరిని తొలగించి, వారి కాగితములపై 2, 3 అని వ్రాసిన వారికి పంచుచు నాలుగు దినములు లెక్కించిరి. చివరకు పల్లా రాజేశ్వరరెడ్డిగారు గెలిచిరి. ఓడినవాని ఓటు గూడ మరల లేచి నడచుట నాకు ముచ్చట గొలిపినది. అయితే అంకె వేయవలసినచోట టిక్కులు పెట్టియు, సంతకములు చేసియు పట్టాలు పొందినవారు వేలకొలది ఓట్లను చెల్లకుండ జేసికొనుట చూచి నవ్వాపుకొనలేకపోతిని.

శాసనసభ యెన్నికలు నా చేయి దాటి యంత్రములకు పోయి చాలకాలమైనను, లెక్కలు చెవిని బడుచునే యున్నవి. 2014లో 34 శాతము ఓట్లకు తెలంగాణ రాష్ట్ర సమితికి 119లో 63 స్థానములు వచ్చెను. 2023లో కాంగ్రెసుకు 39 శాతమునకు కొంచెము పైన, భారత రాష్ట్ర సమితికి 37కు కొంచెము పైన ఓట్లు రాగా, స్థానములు 64, 39. రెండు శాతముల తేడా ఇరువదియైదు కుర్చీల తేడా అయినది. ప్రభుత్వము నిలకడగా నుండుటకు ఇది మేలేయని కొందరందురు, కొంత నిజమే. పూర్తిగా జాబితాలకు మారినచో పానగల్లు చెరువుకు నీరు రాలేదని యెవరి గుమ్మమున నిలువవలెనో తెలియదు. అందుచే నన్నడిగినచో నేపాలు పద్ధతిని మెచ్చెదను: అచట 275 స్థానములలో 165 నియోజకవర్గములవి, 110 పార్టీల ఓట్ల శాతమును బట్టి పంచునవి, ఓటరునకు రెండు కాగితములు. రెండు కాగితములు మన జనులకు బోధపడవని యనువారు 1952లో నల్గొండ ఓటర్లు రెండేసి ఓట్లు వేసి యిద్దరు సభ్యులను పంపిన సంగతి మరచి మాటలాడుచున్నారు.