ఆకాశరావు గారి డిసెంబరు

ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక ఆకాశరావు గారుంటారు. అసలు పేరు వేరే ఉంటుంది గానీ అది కరెంటు బిల్లుకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఏడాది పొడుగునా నీళ్ళ ట్యాంకరు గురించీ పార్కింగు గురించీ తగువులాడే ఈ పెద్దమనిషి, డిసెంబరు రెండో వారం రాగానే ఖగోళంలోకి దిగిపోతారు. "ఈ రాత్రి అద్భుతం! గంటకు 120 ఉల్కలు. మళ్ళీ మన జన్మలో రాదు. ఎనిమిదింటికల్లా అందరూ మేడమీదికి రాగలరు" అని వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద నాలుగు దండాలూ రెండు రాకెట్లూ అతికిస్తారు. ఆయనకు ఏమీ తెలియదని వెనక నవ్వుకునేవాళ్ళున్నారు. అది అన్యాయం, ఆయనకు తెలిసింది తక్కువేమీ కాదు. ఇబ్బందల్లా ఆయనకు కావలసింది ఆకాశం కాదు, చాటింపు. చాటింపు వెయ్యడానికి పనికిరాని నక్షత్రం ఆయన లెక్కలో ఉదయించనట్టే.

ఆ ఉల్కల సంగతే తీసుకోండి. వాటిని జెమినిడ్స్ అంటారు. 1983లో కనిపెట్టిన ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళిలోంచి భూమి ఏటా డిసెంబరు 13, 14 తేదీల్లో దూసుకుపోతుంది కనుక అవి ఏటా వస్తాయి. మన జన్మలో రాకపోవడం మాట అటుంచి, వచ్చే ఏడాది ఇదే వారానికి హాజరు. గంటకు 120 అన్నది కూడా అబద్ధం కాదు. కాకపోతే ఉల్కలు వెలువడే చోటు సరిగ్గా నడినెత్తిన ఉండి, చుట్టూ ఒక్క దీపం లేని చీకటైతే పడే లెక్క అది. ఎనిమిదింటికి ఆ చోటున్న మిథునరాశి ఇంకా ఎదురు బిల్డింగు పిట్టగోడ వెనకే ఉంటుంది. నడినెత్తికి వచ్చేసరికి రాత్రి రెండు దాటుతుంది. రెండింటికి పిలిస్తే జనం రారు, జనం రాకపోతే ఉల్కలు పడి ఏం లాభం? అందుకని ఎనిమిది. కంటికి చీకటి అలవాటు కావడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆకాశరావు గారు రెండు నిమిషాలకోసారి ఫోను పైకెత్తి, వెలుతురు నిండుగా పెట్టుకుని, యాప్‌లో రాశులు వెతుకుతూ అందరి కళ్ళనూ మళ్ళీ మొదటికి తెస్తారు. "అదేనాండీ ఉల్క?" అని మూడో ఫ్లోరు ఆవిడ అడిగితే, శంషాబాదు వైపు మిణుకుమిణుకుమంటూ దిగుతున్న విమానాన్ని తేరిపార చూసి, "ఇది నిదానంగా వచ్చే రకం లెండి" అంటారు.

చాటింపుకు ఉన్న గుణమేమంటే, చేతులు మారినకొద్దీ షరతులు రాలిపోతాయి. 2003 ఆగస్టు 27న కుజుడు దాదాపు 60 వేల ఏళ్ళలో ఎన్నడూ లేనంత దగ్గరికి, 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. 75 రెట్లు పెద్దది చేసి చూపించే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి పున్నమి చంద్రుడు ఎంత కనిపిస్తాడో అంత కనిపిస్తాడని అప్పట్లో ఒక ఈమెయిల్ తిరిగింది. తిరిగి తిరిగి దాంట్లోంచి టెలిస్కోపు రాలిపోయింది, చంద్రుడు మిగిలాడు. ఆ తర్వాత ఎన్ని ఆగస్టుల్లో మన ఆకాశరావులు రెండు చంద్రుళ్ళను చూపిస్తామని జనాన్ని మేడలెక్కించారో! సూపర్‌మూన్ కథా అంతే. అన్నిటికన్నా దూరపు పున్నమితో పోలిస్తే అది వెడల్పులో ఓ 14 శాతం పెద్దది. పోల్చుకోవడానికి పక్కన ఆ రెండో చంద్రుడు ఉండడు కనుక, ఆకాశరావు గారు "ఎంతుందో చూశారా!" అంటే చూసినట్టే.

పోనీలెండి, ఏ వంకతోనైనా టీవీల ముందు నుంచి జనాన్ని లేపి మేడెక్కిస్తున్నాడుగా అని ఆయన తరఫున వాదించవచ్చు. నిజమే, ఆ పుణ్యం ఆయనదే. కానీ బాణసంచా చూపిస్తామని పిలిచాక, మెడలు పట్టేసి దిగిపోయినవాళ్ళు మళ్ళీ పిలిస్తే వస్తారా? ఊరి దీపాల్లో చుక్కలెక్కడివి, ఆయన మాత్రం ఏం చూపిస్తాడు అనీ అంటారు. ఈ మాట మాత్రం ఒప్పుకోలేం. ఈ నెలంతా తొమ్మిది దాటాక తూర్పుకు తిరిగితే, అమీర్‌పేటలోనైనా సరే, ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టు మూడు చుక్కలు కనిపిస్తాయి. వాటికి ఎడమపక్క ఎర్రగా ఉన్నది ఆర్ద్ర, కుడిపక్క నీలితెలుపుది రైజెల్. ఎర్రదానికి వేడి తక్కువ, నీలిదానికి ఎక్కువ. ఆ మూడు చుక్కల గీత పట్టుకుని పైకి పోతే రోహిణి, ఇంకా పైన గుంపుగా పిల్లలకోడి, అంటే కృత్తికలు. పది గంటలకు అదే గీత వెంట కిందికి దిగితే సూర్యుణ్ణి మినహాయిస్తే మన ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం, లుబ్ధకం. దీనికి యాప్ అక్కర్లేదు, తేదీ అక్కర్లేదు; ఇవాళ మబ్బు పడితే రేపు చూసుకోవచ్చు. సరిగ్గా అందుకే ఆకాశరావు గారికి ఇది గిట్టదు. రేపు కూడా ఉండేదాన్ని పట్టుకుని గ్రూపులో ఏమని పెడతారు?

జనవరి మొదటి వారానికి ఆయన దగ్గర సరుకు సిద్ధంగానే ఉంది. భూమి సూర్యుడికి ఏడాదిలోకెల్లా దగ్గరగా, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలోకి వచ్చేది అప్పుడే. ఋతువులు వచ్చేది భూమి ఒరుగు వల్లే గానీ ఈ దూరం వల్ల కాదన్న సంగతి ఫార్వర్డు మెసేజీలో పట్టదు. మంకీ క్యాపు పెట్టుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, వణికే వేళ్ళతో ఆయన టైపు చేస్తున్నారు: "ఎండలు మండిపోతాయి. పిల్లలు, పెద్దలు జాగ్రత్త."