వసూళ్ల శాఖ

మా ఇంట్లో పచ్చళ్ల వ్యాపారం ఉంది. మామిడికాయ ఎంచడం, ముక్క కొట్టించడం, ఆవపిండి పాళ్లు, గానుగ నూనె బేరం, రుచి, పేరు, అన్నీ మా ఆవిడవి. నాకు వసూళ్ల శాఖ ఇచ్చింది. మంత్రివర్గ విస్తరణలో అలిగినవాడికి పడేసే శాఖ లాంటిదన్నమాట. కుర్చీ ఉంటుంది, బోర్డు ఉంటుంది, ఖజానాలో మాత్రం ఏమీ ఉండదు.

తెనాలి దగ్గరి మా ఊరి నుంచి డబ్బాలు హైదరాబాదు, బెంగళూరు, పుణె దాకా వెళ్తాయి. మూతకి సీలు వేసి, ప్లాస్టిక్ సంచిలో బిగించి, చుట్టూ బుడగల కవరు చుట్టి, అట్టపెట్టెలో కూరి, పైన టేపు నాలుగు చుట్లు తిప్పుతాం. నూనె బొట్టు బయటికి రాదు. అవతలివాళ్లు మా డబ్బును కూడా అంత పకడ్బందీగానే దాస్తారు.

"ముందు డబ్బు వెయ్యండి" అనడానికి మా ఆవిడకి నోరు రాదు. తినే వస్తువుకి ముందే చెయ్యి చాపితే ఏం బాగుంటుంది అంటుంది. కిరాణా కొట్టువాళ్లు అదృష్టవంతులు. "అరువు రేపు" అని ఒక అట్టముక్క వేలాడదీసి నోరు మూసుకుని కూర్చుంటారు. మొహమాటమంతా ఆ అట్టముక్కే పడుతుంది. ఫోన్లో వ్యాపారం చేసేవాడికి బోర్డు తగిలించడానికి గోడేదీ?

వసూళ్ల శాఖలో నేను కనిపెట్టింది ఒకటుంది. పచ్చడి ఎంతకాలం నిలవుంటుందో డబ్బా మీద రాస్తాం కానీ, వరస ఎంతకాలం నిలవుంటుందో ఎక్కడా రాయం. పోయినేడు పుణె నుంచి ఒక కుర్రాడు ఆర్డరు పెట్టాడు. పెట్టేటప్పుడు మా ఆవిడ "అమ్మా". "అమ్మా, మీ చేతి ఆవకాయ గురించి ఆఫీసులో ఒకటే చెప్పుకుంటున్నారు. నాకు రెండు కేజీలు, చీరాలలో ఉన్న మా అమ్మకి ఒక కేజీ. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఈ ఏడు పెట్టుకోలేకపోయింది." మా ఆవిడ కరిగిపోయి చీరాల డబ్బాలో ఒక గరిటె ఎక్కువే వేసింది. సరుకు చేరిన రోజు "సూపర్ అక్కా". అమ్మ నుంచి అక్కకి దిగినా రక్తసంబంధమే కదా అనుకున్నాం. పది రోజులాగి నేను బాకీ 1,480 రూపాయలు గుర్తు చేశాను. "ష్యూర్ మేడమ్" అన్నాడు. నేను మీసాలున్న మనిషిని, అయినా సర్దుకున్నాను. నెల తరవాత మళ్లీ గుర్తు చేస్తే "ఎవరండీ?" అన్నాడు.

ఆ రాత్రే తన స్టేటస్‌లో ఫొటో పెట్టాడు. వేడన్నం, పక్కన ఎర్రగా మా ఆవకాయ, మధ్యలో నెయ్యి గుంట. కింద "ఇంటి రుచి" అని రాశాడు. నిజమే, ఇల్లు మాది, రుచి అతనిది.

ఈ శాఖలో రాతపని అంతా ఇంతా కాదు. బాకీ అడిగే సందేశం రాయడం ఎంత కష్టమో బాకీ ఉన్నవాడికి తెలియదు. "మరోలా అనుకోకండి" అని మొదలుపెడతాను. "వీలు చూసుకుని" అని చేరుస్తాను. "తొందరేం లేదు" అని కూడా రాసి, మళ్లీ కొట్టేసి, మళ్లీ రాస్తాను. చివరికి చదువుకుంటే అప్పు చేసింది నేనేమో, గడువు అడుగుతున్నానేమో అనిపిస్తుంది. కింద నమస్కారం బొమ్మలు రెండు. అవతలి నుంచి ఎత్తిన బొటనవేలు ఒకటి వస్తుంది.

ఆ బొటనవేళ్లన్నీ పట్టుకుని మా ఊరి లాయరు గారి దగ్గరికి వెళ్లాను. సరుకు చేరిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వెయ్యాలిట. 1963 నాటి కాలపరిమితి చట్టం అలా అంటుందిట. ఆలోగా పుణె కుర్రాడు బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాసిచ్చాడా, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క.

"ఈ బొటనవేలు వేలిముద్ర కింద చెల్లుతుందా అండీ?" అన్నాను.

ఆయన నవ్వాడు. "పోనీ చెక్కేమన్నా ఇచ్చాడా? బౌన్సయితే 138 సెక్షన్ ఉంది, రెండేళ్ల దాకా జైలు" అన్నాడు ఆశగా.

ఇవ్వలేదని చెప్పాను. చెల్లని చెక్కు ఇచ్చినవాడు ముద్దాయి. అసలేమీ ఇవ్వనివాడు పెద్దమనిషి. నోటీసుకి ఫీజెంతండీ అంటే 3,000 అన్నాడు. 1,480 కోసం 3,000 పెట్టడానికి పచ్చళ్ల వ్యాపారం చాలదు, ఇంకేదన్నా వ్యాపారం ఉండాలి.

డబ్బు ఇచ్చాకే డబ్బా ఇచ్చే పద్ధతి కూడా చూశాం. కొరియరు కుర్రాడు మొదటి రోజు వెళ్తే తాళం, రెండో రోజు ఫోన్ ఎత్తరు, మూడో రోజు "మేం చెప్పలేదే" అంటారు. పాపం ఆవకాయ బెంగళూరు దాకా వెళ్లి, ఊరు చూసి, పదకొండో రోజుకి ఇల్లు చేరుతుంది. రానూపోనూ చార్జీలు మావి. మాసిన పెట్టెలో తిరిగొచ్చిన సరుకు ఇంకొకరికి పంపడానికి మా ఆవిడ ఒప్పుకోదు. ఆర్నెల్లుగా మా ఇంట్లో తింటున్నది తిరుగుటపా ఆవకాయే.

ఇదేం కొత్త పద్ధతి కాదు. 1877లోనే మన దేశంలో తపాలా వాళ్లు వీపీపీ పెట్టారు. పోస్టుమాన్ పొట్లం తెస్తాడు, డబ్బు తీసుకుని ఇస్తాడు, ఆ డబ్బు అమ్మినవాడికి మనియార్డరుగా చేరుతుంది. పుస్తకాలు, మందులు, ఉంగరాలు అలాగే ఊళ్లకి వచ్చాయి. పొట్లం తిప్పికొట్టినవాళ్లు అప్పుడూ లేకపోలేదు. కాకపోతే ఆ పొట్లం సైకిలు మీద అదే వీధిలో వెనక్కి వెళ్లాలి. "ఏమయ్యా, వాళ్లు తీసుకోలేదా?" అని టీ కొట్టు దగ్గర ఎవడో ఒకడు అడుగుతాడు. ఆ ప్రశ్నకి జడిసి చేబదులు తెచ్చయినా విడిపించుకునేవాళ్లు. అప్పట్లో వసూళ్ల శాఖ టీ కొట్లో ఉండేది. ఇప్పటి కొరియరు కుర్రాడికి ఫ్లాటు నంబరు తప్ప మనిషి తెలియదు. అపార్టుమెంటులో పక్కింటివాడికీ తెలియదు. సిగ్గంతా టపాలో మాకే తిరిగొచ్చింది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, జనానికి అలవాటు చేయడానికి సంగీత కచేరీల దగ్గర ఊరికే పంచారని చెబుతారు. ఆయన తెలిసి పంచారు.

మొన్న కొత్త కాయ దిగిన వారానికే పుణె నుంచి సందేశం. "అమ్మా, కొత్తావకాయ పెట్టారా? పోయినసారి ఉప్పు కాస్త ఎక్కువైంది, ఈసారి చూసుకోండి." నేను "మరోలా అనుకోకండి" దగ్గర అరగంట నుంచి తంటాలు పడుతున్నాను. మా ఆవిడ చేతులు తుడుచుకుని ఫోన్ లాక్కుంది. టైపు చేసే ఓపిక లేదు, నేరుగా మాట్లాడి పంపింది.

"తమ్ముడూ, ఉప్పెక్కువైందన్నావుగా. చీరాలలో అమ్మ నంబరు పార్సిలు చీటీ మీద ఉంది. ఆవిడకి ఒకసారి ఫోన్ చేసి రుచి కనుక్కుంటాను. పాత లెక్క కూడా ఆవిడకే చెప్పమంటే చెప్తాను."

నాలుగు నిమిషాల్లో ఫోన్ మోగింది. 1,360 రూపాయలు జమ. కొరియరు ఖర్చు 120 మినహాయించుకున్నాడు. కింద రాశాడు: "అమ్మని డిస్టర్బ్ చెయ్యకు అక్కా."