గొడవ రోజున పిల్లల మీద వార్త రాయడం ఎలా

తమ్మీ, కంట్రిబ్యూటర్ కార్డు మెడలో వేసుకుని వారమన్నా కాలేదు, అప్పుడే బంద్ పిలుపు వచ్చిందని కంగారు పడుతున్నావు. పడకు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు చోట్లా వార్తలు రాసినవాణ్ణి, నీ మీద ప్రేమతో చెబుతున్నా. మామూలు రోజున వార్త కోసం తిరగాలి. గొడవ రోజున వార్త ముందే రాసి ఉంటుంది, తేదీ మారిస్తే చాలు. నేను చెప్పినట్టు చెయ్యి, ఆరు కొట్టేసరికి ఇంట్లో కాళ్ళు చాపుకుంటావు.

1. చౌరస్తాకు పోకు, స్టేషన్‌కు పో. చౌరస్తాలో నిలబడితే చొక్కా చిరుగుతుంది, పైగా రెండు వైపుల మాటా చెవిన పడుతుంది. రెండు మాటలు విన్నవాడు వార్త రాయలేడు, సగం రాత్రి దాకా గింజుకుంటాడు. స్టేషన్‌లో కుర్చీ ఉంటుంది, చాయ్ వస్తుంది, ప్రెస్‌నోట్ చేతికిస్తారు. అందులో క్రియలు కూడా సర్ది ఉంటాయి. యువకులు ‘రెచ్చిపోయారు’. పోలీసులు లాఠీలు ‘ఝళిపించాల్సి వచ్చింది’. ఎందుకు ఝళిపించాల్సి వచ్చిందని అడగకు, దించుకో.

2. పేరు అడగకు. పేరు అడిగితే ఊరు అడగాలి, ఊరు అడిగితే ఏం చదివాడో అడగాలి, చివరికి ఎందుకొచ్చాడో తెలిసిపోతుంది. అది తెలిసిందా, వార్త పొడుగవుతుంది, డెస్కువాళ్ళు కోస్తారు, లైన్ల లెక్కలో నష్టం నీకే. ‘అల్లరి మూక’ అను. ‘అసాంఘిక శక్తులు’ అను. అన్నిటికన్నా మేలైనది ‘బయటి వ్యక్తులు’. కోరుట్ల పోరడు మెట్‌పల్లిలో నిలబడితే బయటివాడే కదా, అబద్ధమేమీ లేదు.

3. ఒక్క మాట పట్టుకో, మిగతా అంతా దాని కింద తోసెయ్యి. ఈ విద్యకు మన నేలే బడి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలకు వేలమంది రైతుకూలీలు కదిలి వచ్చారు. జైత్రయాత్ర అని ఇప్పటికీ చెప్పుకునేది దాన్నే. వెట్టి చెయ్యబోమన్నారు, కూలి పెంచమన్నారు, దొరలు పట్టుకున్న ప్రభుత్వ భూములు పంచమన్నారు. మాట వినని దొరల ఇళ్ళకు ఊరు పనులు బంద్ పెట్టింది. ముందు నడిచినవాళ్ళు ఎక్కువగా కాలేజీ పిల్లలు, బీర్‌పూర్ ముప్పాళ్ళ లక్ష్మణరావు లాంటి పడుచు పంతుళ్ళు. అక్టోబరులో చెన్నారెడ్డి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ ‘కల్లోలిత’ అన్న మాట చూడు, ఎంత ఉపకారం చేసిందో! అది శీర్షికలో పడితే వెట్టి గురించి రాయనక్కర్లేదు, కూలి ఎంతో కనుక్కోనక్కర్లేదు, భూమి సర్వే నంబరు వెతకనక్కర్లేదు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు దొర గడీ ముందు నిలబడి ఏం అడిగాడన్న సంగతే ఎత్తనక్కర్లేదు. కల్లోలిత ప్రాంతం, కల్లోలం చేసేవాడు, లెక్క సరి.

4. ఫొటోలో చెయ్యి ఉంచు, మొహం కొయ్యి. వందమంది నేల మీద కూర్చుని ఉంటారు, ఒకడు రాయి పట్టుకుని ఉంటాడు. ఆ ఒక్కడి చెయ్యి నాలుగు కాలమ్‌లంత పెద్దది చెయ్యి. ఫొటోగ్రాఫర్ల ఎంపికలో జాగ్రత్త. జగిత్యాలలో స్టూడియో నడిపిన అలిశెట్టి ప్రభాకర్ లాంటి కవిని పంపితే మొహాలు తెస్తాడు, కళ్ళు తెస్తాడు. మొహం చూసిన పాఠకుడు మన వీధి పిల్లవాడే అనుకుంటాడు, వార్త చెడుతుంది. ఇంగ్లండువాళ్ళను చూసి నేర్చుకో. 1964 ఈస్టర్ సెలవుల్లో క్లాక్టన్ అనే సముద్రపు ఊళ్ళో కుర్రకారు కొట్టుకుంటే నష్టం ఐదు వందల పౌండ్ల చిల్లర. లండన్ పత్రికలు ఊరిని శత్రువులు ముట్టడించినట్టే రాశాయి. తర్వాత స్టాన్లీ కోహెన్ అనే పండితుడు లెక్కలు తీసి పుస్తకం వేశాడు, అదీ 1972లో. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చే లెక్కకు ఈ రాత్రి నిద్ర పాడు చేసుకోవడం ఎందుకు?

5. చివరి పేరాలో సెల్‌ఫోన్, సినిమా, తల్లిదండ్రుల గారాబం. ఏ గొడవకైనా అతుకుతుంది.

6. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) షెడ్డులోకి తొంగిచూడకు. అక్కడి పిల్లవాడు పన్నెండు గంటలు నిలబడి సాంచా నడుపుతాడు, చెవులు గింగురుమంటాయి, జుట్టు నిండా నూలు దుమ్ము. అది వార్త కాదు. వాడు రోడ్డెక్కినప్పుడే వార్త. 2012 జులై 23న వైఎస్సార్ కాంగ్రెస్ నాయకురాలు విజయమ్మ గారు చేనేత దీక్షకు సిరిసిల్ల వచ్చినప్పుడు తెలంగాణవాదులు అడ్డం తిరిగారు, ఊరి నిండా పోలీసులు. తోపులాట రాస్తే పేజీ నిండుతుంది. కార్మికుడికి కూలి ఎంత, ఆసామికి మిగిలేదెంత, సేటు చేతికి పోయేదెంత అని మూడు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే బస్సు తప్పిపోతుంది.

7. తప్పు పడితే చాయ్ పోయించు. ఇది మాత్రం మనసు పెట్టి విను. కోరుట్లలో ఒకామె బీడీల చాట చంకన పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పేపర్ ముక్క మడిచి కొంగుకు కట్టుకుంది. ముడి విప్పి నా బల్ల మీద పరిచింది. కొడుకు మందుల దుకాణానికి పోతే రాళ్ళేసినవాళ్ళ జాబితాలో ఎక్కించామట. “సారూ, దుబాయి వీసా ఆగిపోయింది, ఈ పేరు తీసెయ్యరాదే” అంది. ఆమె వేళ్ళకు తంబాకు మరక, ఆ పేరు మీదే పెట్టి చూపించింది. కూర్చోబెట్టా, “అమ్మా, డెస్కువాళ్ళ తప్పు” అన్నా, చాయ్ తాగించా. సవరణ వేద్దామంటే నా చేతులతో నేను రాసుకోవాలి, దానికి లైన్ డబ్బులు రావు. ఆమె మళ్ళీ రెండుసార్లు వచ్చింది, నేను రెండుసార్లూ ఫీల్డ్‌లో ఉన్నా. మూడోసారి రాలేదు. ఓపిక పడితే సమస్యలు వాటంతటవే తీరతాయి తమ్మీ.

8. పాత ఫొటోలు పారెయ్యకు. 2011 సకల జనుల సమ్మెలో ‘అల్లరి మూక’ అని వేసిన ఫొటో ఒకటి నా దగ్గర భద్రంగా ఉంది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అదే ఫొటోకు ‘ఉద్యమ వీరుడు’ అని పెట్టి పంపా. చేతిలో రాయి అలాగే ఉంది, పేరు అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగలేదు. రెండుసార్లూ డబ్బులు వచ్చాయి.