సంధ్యాసురక్షా సూత్రానికి పావగడ వ్యాఖ్య

మూలం (2007 నాటి పాఠం, సంగ్రహం): అరవై అయిదు నిండిన సన్నకారు రైతు, కూలి, నేతగాడు మొదలైనవారు అర్హులు. దంపతుల సంవత్సరాదాయం కలిపి ఇరవై వేలు మించరాదు. ఇద్దరి డిపాజిట్లు కలిపి పదివేలు దాటరాదు.

అవతారిక: 2007లో కర్ణాటక ప్రభుత్వం ముసలివాళ్ళకు నెలకు 400 రూపాయలు ఇవ్వ సంకల్పించి, ఆ పథకానికి సంధ్యా సురక్షా అని నామకరణం చేసింది. ఇప్పుడది 1200. డబ్బు తగ్గినచోట సంస్కృతం పెంచడం ప్రభుత్వ కవుల సంప్రదాయం. పావగడ తాలూకాలో ముసలివాళ్ళు మాట్లాడేది తెలుగు, అర్జీ కన్నడం, పథకం పేరు సంస్కృతం. అందుకే వ్యాఖ్యాత అవసరపడ్డాడు. మూలంలో లేనిది రాయనని కొలిచెలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ పూనాడు. ఆయనకు అర్జీలు తీసుకునే నాడకచేరిలో పనిపడలేదు.

ప్రతిపదార్థం: కూలి, నేతగాడు, పదివేలు: స్పష్టం. అర్హులు: ఇది కఠినం గనుక వదిలేశాం.

అరవై అయిదు నిండిన: ఇక్కడ కొంత విచారం కావాలి. ఇందిరాగాంధీ పేరున ఉన్న వృద్ధాప్య పింఛనులో అరవై అనే పాఠాంతరం ఉంది, అది దారిద్ర్యరేఖకు దిగువవారికి. మాకు ఆ పాఠమే రమ్యంగా తోస్తుంది. ప్రభవతో బయల్దేరిన కాలం అక్షయ దాకా నడిచి మళ్ళీ ప్రభవకు చేరేది అరవై ఏళ్ళకే కదా. 2025 ఉగాదికి వచ్చిన విశ్వావసు 1965లో వచ్చి వెళ్ళిందే. ఆ ఏడు దేశంలో వాన మొహం చాటేసింది. అప్పుడు పుట్టిన ఆడమనిషిని తేదీ అడిగితే "రాగులు దొరకని యేడంట సార్" అంటుంది. జవాబు సరైనదే, అర్జీలో దానికి గడి లేదు.

ఇక చాంద్రమానం సంగతి. చాంద్ర సంవత్సరం సూర్యుడి ఏడాదికి దాదాపు పదకొండు రోజులు పొట్టి. ఆ లెక్కన పోతే అరవై అయిదు సుమారు ఇరవై మూడు నెలలు ముందే నిండేది. పూర్వులు పందొమ్మిదేళ్ళకు ఏడు అధికమాసాలు చొప్పించి ఆ లాభం కాస్తా పోగొట్టారు. పింఛను సంగతి తెలిసుంటే ఆ పని చేసేవారు కారు. షష్టిపూర్తి చేయించే పురోహితుడు ఇంతకంటే ఉదారుడు. మొగుడికి అరవై నిండితే చాలు, పెళ్ళాన్ని కూడా పీటలమీద కూర్చోబెడతాడు. ఆమె ఏ యేడు పుట్టిందని అడగడు, ఆధార్ జిరాక్సు తెమ్మనడు.

ఆధార్ అన్నాం కదా, సూత్రం గుర్తొచ్చింది. తేదీ తెలియనివాళ్ళకు ఆధార్ ఇచ్చే జన్మదినం జనవరి 1. వీధికి వీధి ఆ ఒక్కరోజే పుట్టింది. సంవత్సరం మాత్రం ఆనాడు మొహం చూసి ఎవరో వేసిన అంచనా. ఆ అంచనా మూడేళ్ళు తక్కువైతే ఆమె అర్జీ మూడేళ్ళు ఆగాలి. దిద్దించుకోవాలంటే ఆధారం కావాలి, అది లేకనే కదా అంచనా వేసింది.

దంపతుల: ద్వంద్వ సమాసం రెండు విధాలు. ఇతరేతరంలో ఎవరి ఉనికి వారిది, సమాహారంలో అంతా కలిసి ఒకటే ముద్ద. సూత్రకారుడు ఒకే వాక్యంలో రెండూ వాడగల దిట్ట. ఆదాయం దగ్గర సమాహారం. వయసు, అర్జీ, తేదీ దగ్గర ఇతరేతరం.

ఉదాహరణ: తిరుమణి చుట్టూ సుమారు 13,000 ఎకరాల్లో 2050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. రైతులు నేల అమ్మలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 చొప్పున కౌలుకిచ్చారు. రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు. 2007 నాటి అంకె ప్రకారం ఒక్క ఎకరం ఉన్నవాడు కూడా వెయ్యి రూపాయల తేడాతో గీత దాటేశాడు. శెనక్కాయ వేసి ఎండిపోయినన్నాళ్ళు పేదవాడు, ఎండకే కౌలు రాగానే షావుకారు. సరే, ఆయన సంగతి అలా ఉంచండి. పహణి ఆయన పేరున, బ్యాంకు పుస్తకం ఆయన పేరున. ఆమెకేముంది? ఆమె అడిగేది అదే: "నా పేర గుంట నేల లేదు గదా, ఆయప్ప దుడ్డు నా లెక్కలో ఎందుకు రాస్తిరి?"

ఈ ప్రశ్నకు ప్రాచీన వ్యాఖ్యానాల్లో సమాధానం కనబడలేదు. నాడకచేరిలోనూ కనబడలేదు.

పూర్వపక్షం: ఇద్దరూ ఒకటే అయితే ఒకే అర్జీ చాలదా?
సిద్ధాంతం: చాలదు. ఎగ్గొట్టేటప్పుడే ఒకటి.

తాత్పర్యం: ఎవరి పేరున వచ్చే డబ్బు వారికే లెక్కకట్టండి. కాదు, దంపతులు ఒకటే అంటారా, అన్నీ కలపండి: ముందు ఎవరికి అరవై అయిదు నిండితే ఆ రోజు నుంచి ఇద్దరికీ ఇవ్వండి. రెండూ కుదరవంటే ఆ మాటే నాలుగు ముక్కల్లో, తెలుగులో రాసి గోడకు అంటించండి. దానికి మా టీక అక్కర్లేదు.