ఊరి తిండిని వైరల్ చేయు విధానము

ఫోను, దానికో స్టాండు, ఏది నోట్లో పెట్టుకున్నా కళ్లు మూసుకుని తల ఊపే ఓపిక ఉంటే ఫుడ్ వ్లాగర్‌గా స్థిరపడిపోవచ్చు. రుచి తెలియనక్కర్లేదు. తెలిస్తే ఆలోచన మొదలవుతుంది, వీడియో ఆలస్యమవుతుంది. ఈ వృత్తిలోకి కొత్తగా దిగేవారి మేలు కోరి కొన్ని సూచనలు ఇస్తున్నాం. సాధన కోసం కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులతో మొదలుపెట్టడం శ్రేయస్కరం.

1. ముందుగా కనిపెట్టండి. తరతరాలుగా ఆ ఊళ్లో పూతరేకులు చేస్తున్నారు. పెళ్లి సారెల్లో వెళ్తాయి, అమెరికా వెళ్లే సూట్‌కేసుల్లో వెళ్తాయి. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవేవీ మిమ్మల్ని ఆపకూడదు. వీడియోకి "ఎవరికీ తెలియని రహస్య రుచి" అని పేరు పెట్టండి. రోడ్డు పొడవునా పూతరేకుల బోర్డులే అడ్డొస్తాయి కాబట్టి కెమెరాను కొబ్బరిచెట్ల మీదికి ఎత్తండి.

2. పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండకండి. నానబెట్టి రుబ్బిన బియ్యాన్ని పలచగా కలిపి, అందులో గుడ్డ ముంచి, కాలుతున్న బోర్లా కుండ మీద పరిచి లాగుతారు. కన్ను మూసి తెరిచేలోగా రేకు తయారు. కింద కొబ్బరాకుల మంట, ఎదురుగా సెగ, పొగ. చూడ్డానికి మహా అందం. పది సెకన్లు స్లో మోషన్‌లో తీసి, వెనక వేణువు పెట్టి, లెన్సుకి మసి అంటకముందే బయటపడండి. ఆ సెగ ముందు రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటారమ్మా, వంద రేకులకి ఎంత ముడుతుందమ్మా అని పొరపాటున కూడా అడగొద్దు. అలాంటి ప్రశ్నలకు లైకులు రావు. పైగా ఇంట్లో రేకు తీసేది ఒకరు, నెయ్యీ పంచదారా వేసి చుట్టి పెట్టెలో అమ్మేది చాలాసార్లు ఇంకొకరు. పెట్టె మీద పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. మీరు ట్యాగ్ చేయాల్సింది దాన్నే. కుండ మీద ఏ పేరూ ఉండదు.

3. మాటలు పొదుపుగా వాడండి. "నోట్లో వేసుకుంటే కరిగిపోతోందండీ", "వేరే లెవెల్", "అమ్మ చేతి వంట గుర్తొచ్చింది": ఈ మూడూ చాలు. విజయవాడ ఇడ్లీకీ, అరకు బొంగులో చికెన్‌కీ, రాయలసీమ రాగి సంగటికీ ఇవే సరిపోతాయి. పూతరేకు నిజంగానే నోట్లో కరుగుతుంది. ఆ ఒక్కసారికి నిజం చెప్పాల్సి వస్తే సర్దుకుపోండి. ముద్ద మింగేదాకా ఆగి మాట్లాడితే అనుభవం లేనివాళ్లని తెలిసిపోతుంది, జాగ్రత్త.

4. సంప్రదాయాన్ని కాపాడుతూ కొత్తదనం కోరండి. బెల్లం, పంచదార, నెయ్యి అన్నవి పాత సంగతులు. డ్రైఫ్రూట్లు వచ్చాయి, చాక్లెట్ వచ్చింది, హార్లిక్స్ కూడా వచ్చింది. "తాతల నాటి చాక్లెట్ పూతరేకు" అని ధైర్యంగా చెప్పండి, ఎవరూ అడగరు.

5. ట్రాఫిక్ ఆగేదాకా వదలొద్దు. మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్ముకునే ఒకావిడ రెండు లివర్లు ఎక్స్‌ట్రా వేసి లెక్క చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. జనం, మైకులు, బళ్లు ఆ రోడ్డుకి ఎగబడ్డాయి. 2024 జనవరి చివర్లో ట్రాఫిక్ పేరుతో పోలీసులు అక్కడ అమ్మకం ఆపించారు. ముఖ్యమంత్రి జోక్యం చేసుకుంటే గానీ సమస్య తీరలేదు. ఆవిడ వండాలి, వడ్డించాలి, మైకులకు జవాబివ్వాలి, పోలీసులకూ సమాధానం చెప్పుకోవాలి. మీకా బాధ లేదు. "అద్భుతమైన భోజనం", "అయ్యో, మూసేశారు!", "హమ్మయ్య, తెరిచారు!", "మునుపటి రుచి లేదు": ఒక్క ప్లేటు తిని నాలుగు వీడియోలు చేయవచ్చు.

6. పేదల తిండికి పట్టాభిషేకం చేయండి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అప్పటికి ఎన్నో ఏళ్లుగా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు, ఎక్కువగా దళిత మహిళలు, కొర్రలు, సామల విత్తనాలు దాచుకుని పండిస్తూనే ఉన్నారు. వాళ్లు తిన్నంతకాలం అది లేమి. బంజారాహిల్స్‌లో పింగాణీ గిన్నెలోకి దిగాక సూపర్‌ఫుడ్. మీరు గిన్నె దగ్గర మొదలుపెట్టండి. పొలం కావాలంటే నెట్‌లో ఫొటోలు దొరుకుతాయి.

7. బిల్లు సంగతి ఎత్తొద్దు. ఉచితంగా తిని, పైన కొంత పుచ్చుకుని, "ఇది నా నిజాయతీ రివ్యూ" అని మొదలుపెట్టండి. డబ్బివ్వలేని చిన్న హోటల్ వాళ్లకి కాఫీ చల్లారిందని చెప్పే స్వేచ్ఛ మీకు ఎప్పుడూ ఉంటుంది.

ఇంతవరకూ వ్లాగర్లకి. ఇక వీడియో చూసి ఆత్రేయపురం దారి పట్టేవారికి ఒక మాట. భౌగోళిక గుర్తింపు పూతరేకు పేరును కాపాడుతుంది. రేకు తీసే ఆడవాళ్ల కూలిని నిర్ణయించడం దాని పని కాదు. లక్షలమంది చూసినంత మాత్రాన ఆ కూలి ఒక్క రూపాయి పెరగదు. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే పెరిగే అవకాశం ఉంది. పెట్టె కట్టించుకునే ముందు కొట్టు యజమానిని, "ఈ రేకులు ఎవరు తీశారు, వందకి ఎంత ఇస్తున్నారు?" అని అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పిన కొట్టులోనే కొనండి.